40-15 అనే చోటు చూడ్డానికి

తిరనాళ్లు అయిపోయి, రంగులరాట్నం విప్పి లారీకెక్కించేశాక ఊళ్లో దిగినట్టు, నేను లండన్‌లో టెన్నిస్ ఆడే వింబుల్డన్‌కి నవంబరులో వెళ్లాను.

జులైలో వెళ్లాలని ఎవరికుండదు? బ్యాలెట్‌లో రెండేళ్లు పేరు వేశాను, రెండేళ్లూ తగల్లేదు. 1924 నుంచీ అక్కడ అదే పద్ధతి, లాటరీలో పేరొస్తేనే టికెట్ కొనుక్కోనిస్తారు. రెండో దారి క్యూ. అక్కడి పార్కులో ముందురోజే గుడారం వేసుకుని, వరస నంబరున్న కార్డు పుచ్చుకుని, రాత్రంతా గడ్డి మీద పడుకుని, తెల్లారగట్ల వాళ్లొచ్చి లేపితే లేచి నిలబడాలి. "గుడారాల్లో పడుకునే వయసా మనది?" అంది మా అక్క ఫోన్లో. తనకి మోకాళ్లు, నాకు నడుం. అదీకాక ఆఫీసులో నాకు సెలవు దొరికిందే నవంబరులో.

అయినా నేను మ్యాచ్ కోసం వెళ్లలేదు. 2022 సెప్టెంబరులో నా అభిమాన ఆటగాడు ఫెదరర్ రిటైరయ్యాక ఎవరు గెలిచినా నాకు పెద్ద తేడా పడటం లేదు. నేను చూడాలనుకున్నది ఒకే ఒక్క చోటు. 2019 జులై 14న, అయిదో సెట్టులో, 8-7 ఆధిక్యంలో, 40-15 దగ్గర ఫెదరర్ సర్వ్ చెయ్యడానికి నిలబడ్డ చోటు.

తెలిసినవాళ్లకి ఇంతకుమించి చెప్పక్కర్లేదు. మా బాధితుల సంఘంలో దాన్ని మ్యాచ్ అని కూడా అనం, "నలభై-పదిహేను" అంటాం అంతే. తెలియనివాళ్ల కోసం: రెండ్రోజుల ముందు సెమీస్‌లో నాదల్‌ని కొట్టి వచ్చాడు. వయసు ముప్ఫై ఎనిమిదికి నెల తక్కువ. ఎదురుగా జకోవిచ్. అయిదో సెట్టు 7-7 దగ్గర జకోవిచ్ సర్వీసుని ఫెదరర్ బ్రేక్ చేశాడు, అంటే జకోవిచ్ సర్వ్ చేసిన గేముని తను గెలిచాడు. తర్వాత తన సర్వీసులో వరసగా రెండు ఏసులు (అవతలివాడి రాకెట్‌కి తగలని సర్వులు) పడ్డాయి, 40-15. ఒక్క పాయింటు వస్తే తొమ్మిదో వింబుల్డన్. అలాంటివి రెండు చేతిలో ఉన్నాయి. రెండూ పోయాయి.

ఆ రాత్రి మా ఇంట్లో టీవీ నాది కాదు. అదే రోజు, అదే లండన్‌లో, లార్డ్స్‌లో క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ నడుస్తోంది. ఇంగ్లండ్, న్యూజిలాండ్. మనవాళ్లు సెమీస్‌లోనే ఇంటికొచ్చేశారు కదా, ఇంకెందుకండీ అంటే మా ఆయన రిమోట్ దిండు కింద పెట్టుకున్నారు. "ఇది వరల్డ్ కప్పు. నీది ప్రతి ఏడూ వస్తుంది" అన్నారు. సరే అని నేను వంటింట్లో ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పీట మీద కూర్చున్నాను. అక్కడే నాకు దెబ్బ తగిలింది. ఫోన్లో వచ్చే ఆట టీవీ కన్నా అర నిమిషం వెనక ఉంటుంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

40-15. ఫెదరర్ బంతులు చూసుకుంటున్నాడు. ఒకటి వెనక్కి పడేశాడు, ఒకటి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు ఫోన్ పైభాగంలో మా స్నేహితురాలి మెసేజ్ జారి దిగింది. ఒక్కటే మాట: "అయ్యో".

అతను ఇంకా బంతి పైకెయ్యలేదు.

అంటే నాకు తెలిసిపోయింది. అతనికి తెలీదు, స్టాండ్స్‌లో వేలెత్తి "ఒక్కటి, ఒక్కటే" అంటున్న జనానికి తెలీదు, వంటింట్లో పీట మీద ఉన్న నాకు తెలుసు. ఆ సర్వీసు అలా తెలిసి చూశాను. ఫోర్‌హ్యాండ్ పక్కకి పోయింది. రెండో పాయింటుకి ఇంకో మెసేజ్ వస్తుందేమోనని ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి చూశాను. ఫెదరర్ నెట్ దగ్గరికి వచ్చాడు, జకోవిచ్ ఫోర్‌హ్యాండ్‌తో అడ్డంగా దాటించేశాడు. 8-8. ఆ తర్వాతి గంట వివరాలు నాకు అవసరం లేదు. 13-12, మొత్తం 4 గంటల 57 నిమిషాలు. ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, జకోవిచ్‌వి 204. ఎక్కువ పాయింట్లు గెలిచినవాడు ఓడిపోయే ఆట ఇదొకటే కాదు గానీ, నాకు తెలిసినవాటిలో ఇంత బాహాటంగా ఓడిపోయేది ఇదే. ఆ వెంటనే ముందుగదిలోంచి సూపర్ ఓవర్, బౌండరీల లెక్క అంటూ కేకలు. మా ఆయన వంటింట్లోకి వచ్చి, నా మొహం చూసి, ఏమీ అనకుండా మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఆయన చేసిన మంచి పని అదొక్కటే.

ఆ రెండు పాయింట్లూ నేను మళ్లీ చూడలేదు. నాలుగేళ్లు. యూట్యూబ్ ఎన్నిసార్లు ముందుకు తోసినా పక్కకి నెట్టేశాను.

ఇక ప్రయాణం. 2023 నవంబరు, శనివారం. సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్‌లో దిగాం, నేనూ మా అక్క కొడుకూ. అక్క మోకాళ్లు చూసుకుంటానని ఇంట్లోనే ఉండిపోయింది. వీడికి పన్నెండేళ్లు. పుట్టింది, పెరిగింది ఇక్కడే. తెలుగు అర్థమవుతుంది, జవాబు సగం తెలుగు, సగం వాడిష్టం. వాడి దేవుడు అల్కరాజ్. ఆ ఏడు జులైలో జకోవిచ్‌ని అయిదు సెట్లలో అల్కరాజ్ కొట్టినప్పుడు "నీ పగ మావాడు తీర్చాడు పిన్నీ" అని నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. పగ అనే మాట వాడికెవరు నేర్పారో మరి.

స్టేషన్ నుంచి పావుగంట నడక. చినుకులు పడీ పడకుండా ఉన్నాయి. ఎర్ర ఇటుకల ఇళ్లు, తడిసిన ఆకులు, ఒకావిడ కుక్కని తిప్పుతోంది. ఇలాంటి సందడి లేని రోడ్డు చివర వింబుల్డన్ ఉందంటే నమ్మడం కష్టం. నాలుగో గేటు దగ్గర మ్యూజియం. టూర్ టికెట్లు అక్క ముందే కొని వీడి ఫోన్లో పెట్టింది.

మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడింది కప్పు దగ్గర. మగవాళ్ల సింగిల్స్ కప్పు, 1887 నాటిది, మూత మీద అనాసపండు. టీవీలో చూసినప్పుడు బిందెంత ఉంటుందనుకున్నాను. అడుగున్నర ఉంటుందేమో అంతే, వెండి మీద బంగారు పూత. గెలిచినవాడికి ఇచ్చేది దీని నకలు, అసలు కప్పు ఇక్కణ్నుంచి కదలదు. పేర్లు చెక్కడానికి కప్పు మీద చోటు అయిపోతే 2009లో కింద నల్లటి పీట, దానికి వెండి పట్టీ చేయించారట. 2009 అంటే ఫెదరర్ రాడిక్‌ని 16-14తో కొట్టిన ఏడు. చోటు అయిపోయేదాకా గెలిచాడు మావాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. లెక్కకి నిలబడదు, 1877 నుంచీ అందరూ కలిసి నింపారు. కానీ మ్యూజియంలో నా ఆలోచనలకి తప్పులు దిద్దేవాళ్లెవరూ లేరు.

టూర్‌కి ఇరవై మంది దాకా అయ్యాం. గైడు డెబ్బై ఏళ్ల పెద్దావిడ, చేతిలో మూసిన గొడుగు, దాన్నే బెత్తంలా చూపిస్తూ నడిచింది. ఫ్రెడ్ పెర్రీ విగ్రహం ముందు ఆగి 1934, 35, 36 అని మూడు వేళ్లు ముడిచి, ఆ తర్వాత మర్రే 2013లో గెలిచేదాకా 77 ఏళ్లు ఈ దేశం మగవాళ్ల సింగిల్స్ కప్పు మొహం చూడలేదని, అదేదో తమ ఇంటి సంగతిలా చెప్పింది. కొండ దగ్గరికి తీసుకెళ్లింది. హెన్‌మన్ హిల్ అని అందరూ పిలిచేది, కాగితాల మీద ఆయొరాంగి టెర్రస్ అట. జులైలో అక్కడ కాలు పెట్టే సందుండదు. ఇప్పుడు పచ్చటి వాలు మీద ఒక కాకి నడుస్తోంది. "ఇంతేనా?" అన్నాడు వీడు. నిజమే, కొండ అనడానికి లేదు, మిట్ట.

నంబర్ వన్ కోర్టుని బయటినుంచి చూపించింది. గైడు 2019లో దానికి వేసిన కొత్త పైకప్పు గురించి చెబుతుంటే నా బుర్రలో 2018 తిరుగుతోంది. క్వార్టర్ ఫైనల్, కెవిన్ ఆండర్సన్. ఫెదరర్ రెండు సెట్లు గెలిచి, మూడో సెట్టులో మ్యాచ్ పాయింటు దాకా వచ్చి, చివరికి 13-11తో ఓడిపోయాడు. ఈ గోడల లోపలే. నా యాత్రలో ఇది మొదటి మజిలీ అని వీడితో అన్నాను. "పిన్నీ, నువ్వు ఓడిపోయిన చోట్లన్నీ చూడ్డానికి వచ్చావా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమనను?

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం పద్దెనిమిదో కోర్టు దగ్గర. దాని గోడకి ఒక పలక ఉంది. 2010 జూన్ 22 నుంచి 24 వరకు, మూడు రోజులపాటు, జాన్ ఇస్నర్, నికొలా మహు ఇక్కడ ఆడారని. 11 గంటల 5 నిమిషాలు. ఆఖరి సెట్టు 70-68. అందరూ దాన్ని ఫోటో తీసుకుంటున్నారు. 47-47 దగ్గర స్కోరుబోర్డు ఆగిపోయిన కథ గైడు చెప్పింది. అంతకు మించి లెక్కపెట్టాల్సి వస్తుందని దాన్ని చేసినవాళ్లు ఊహించలేదు పాపం. రెండో రోజు 59-59 దగ్గర చీకటి పడింది. కుర్చీలో అంపైర్ మొహమ్మద్ లహ్యానీ మూడు రోజులూ ఆయనే. నేను ఎప్పుడూ ఆలోచించేది ఆయన గురించే. ఆడేవాళ్లు కనీసం కదులుతారు.

కోపం ఎందుకంటే, నా నలభై-పదిహేనుకి బీజం పడింది ఇక్కడే. ఇస్నర్ ఒకసారి ఇలా ఆడితే వింత అన్నారు. అదే ఇస్నర్ 2018 సెమీస్‌లో ఆండర్సన్‌తో ఆరుగంటలా ముప్ఫై ఆరు నిమిషాలు ఆడి 26-24తో ఓడిపోయేసరికి ఇక చాలు అనుకున్నారు. 2019లో, అయిదో సెట్టు 12-12 అయితే టైబ్రేక్ (గేములు ఆపి పాయింట్లతో తేల్చెయ్యడం) అని రూలు పెట్టారు. 2022లో అదీ మారింది. ఆ రూలు వచ్చిన మొదటి ఏడే, ఫైనల్లోనే, 12-12 అయింది. టైబ్రేక్ 7-3, జకోవిచ్. పాత రూలే ఉంటే ఇంకో రెండు గేములు, ఇంకో నాలుగు గేములు, ఏమో, ఎవరు చెప్పొచ్చారు?

ఇదంతా వీడికి ఆ పలక ముందే చెప్పాను, చేతులు తిప్పుతూ. వాడు విని, "ఆ మ్యాచ్‌లో ఎన్ని టైబ్రేకులు?" అన్నాడు.

మూడు.

"ఫెదరర్ ఎన్ని గెలిచాడు?"

ఒక్కటీ లేదు. పదరా అన్నాను.

ప్రెస్ ఇంటర్వ్యూ గదిలో ఆటగాళ్లు కూర్చునే కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చన్నారు. పిల్లలందరూ వంతులవారీగా ఎక్కి ఫోటోలు దిగారు. వీడు ఎక్కి, మైకు సర్దుకుని, నా వైపు చూసి "ప్రశ్న?" అన్నాడు. నేను గైడు ముందే తెలుగులో అడిగాను, నలభై-పదిహేను దగ్గర ఏమైందండీ అని. వాడు ఒక్క క్షణం ఆలోచించి, అచ్చం పెద్దవాళ్లలా పెదవి విరిచి, "మర్చిపోయాను" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అసలాయన అన్నది కూడా ఇంచుమించు అదే. ఫైనల్ అయ్యాక కోర్టులోనే ఇంటర్వ్యూ చేసిన సూ బార్కర్, ఎన్నటికీ గుర్తుండిపోయే ఫైనల్ అన్నట్టుగా మాట్లాడితే, నేను మాత్రం మరిచిపోవడానికి ప్రయత్నిస్తానన్నాడు. వీడికి ఆ సంగతి తెలీదు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు.

సెంటర్ కోర్టు ఆఖరికి ఉంచారు. బయటి గోడల నిండా అల్లుకున్న తీగ, ఆకులు ఎర్రబడి సగం రాలిపోయాయి. జులైలో టీవీలో కనిపించే ఆకుపచ్చ గోడ ఇదేనా అనిపించింది. లోపలికి సన్నటి దారి, కాస్త చీకటి, ఒక తలుపు, నాలుగు మెట్లు. తర్వాత ఒక్కసారిగా వెలుతురు.

వీడు నా కన్నా ముందు అన్నాడు. "చిన్నగా ఉంది పిన్నీ."

చిన్నగా ఉంది. పద్నాలుగు వేల తొమ్మిది వందల డెబ్బై తొమ్మిది సీట్లట, అంకెలో పెద్దదే. కానీ స్టాండ్లు వంగి కోర్టు మీదికి చూస్తున్నట్టుంటాయి. అందరూ చుట్టూ మూగి బావిలోకి తొంగి చూస్తే ఎలా ఉంటుంది, అలా. ఈ చివరి గీత (బేస్‌లైన్) నుంచి ఆ చివరి గీతకి 78 అడుగులు, అది ప్రపంచంలో ఏ కోర్టుకైనా అంతే. టీవీలో మాత్రం ఈ కోర్టు మైదానంలా కనబడేది. పరుగెత్తి పరుగెత్తి బంతి అందుకునేవాడు కదా, అంత దూరం ఎక్కడుందిక్కడ? అంటే దూరం లేదు, బంతి వేగం అంత ఉందన్నమాట. నాలుగు దశాబ్దాలు టీవీలో చూసి నాకు తెలియని విషయం రెండు నిమిషాల్లో తెలిసింది.

ఆకుపచ్చ కుర్చీల్లో కూర్చున్నాం. పెద్దగా మాట్లాడాలనిపించదు అక్కడ. అందరూ తగ్గు గొంతుతోనే మాట్లాడుకుంటున్నారు, ఎవరూ చెప్పకపోయినా. 1940 అక్టోబరులో బాంబులు పడి ఈ స్టాండ్లో 1,200 సీట్లు పోయాయని గైడు చెప్పింది. యుద్ధం రోజుల్లో ఈ ఆవరణలో పందులనీ కోళ్లనీ పెంచారట. నేను సగమే విన్నాను. నేను వెతుకుతున్నాను.

వెతకడం ఎందుకంటే, అక్కడ గీతలు లేవు.

నెట్ లేదు, నెట్ కట్టే స్తంభాలు లేవు, తెల్ల గీత ఒక్కటీ లేదు. ఒక పచ్చటి దీర్ఘచతురస్రం, దాని మీద చక్రాల బండ్లకి బిగించిన పెద్ద పెద్ద దీపాల వరస. ఎండ చాలని నెలల్లో గడ్డికి ఆ దీపాల వెలుగు పెడతారు. చుట్టూ మోకాలెత్తు కూడా లేని సన్నటి తీగ. కరెంటు తీగట, నక్కల కోసం. రాత్రిళ్లు నక్కలొచ్చి గడ్డి మీద పోస్తే అది మాడిపోతుందని. పగలు పావురాలని తోలడానికి రూఫస్ అనే డేగ. 2012లో దాన్ని ఎవరో కారులోంచి పెట్టెతో సహా ఎత్తుకుపోతే కొన్ని రోజులకి దొరికింది. ఇంత బందోబస్తు ఏ నగల దుకాణానికి ఉంటుంది?

నేను లెక్కలు మొదలుపెట్టాను. 40 అంటే మూడు పాయింట్లు, 15 అంటే ఒకటి. 40-15 అంటే అప్పటికి ఆ గేములో నాలుగు పాయింట్లు అయ్యాయి, సరి సంఖ్య, కాబట్టి సర్వ్ కుడి పక్క నుంచి. 40-30 అంటే ఎడమ పక్క నుంచి. మధ్య గీతకి ఇటు ఒకడుగు, అటు ఒకడుగు. తొమ్మిదో టైటిల్ పోయిన రెండు చోట్లకీ మధ్య ఎడం నాలుగైదు అడుగులకి మించదు. నేను అటు చివర చూపించి వీడితో, "అదిగో, ఆ దీపం బండి కాలు ఉంది చూడు, దానికి కాస్త ఇవతల" అన్నాను. వాడు కళ్లు చిట్లించి చూశాడు. బుద్ధిగా ఫోటో తీశాడు.

గైడు మా వెనకే వచ్చి నిలబడింది. ఏం చూస్తున్నారమ్మా అన్నట్టు అడిగింది. చెప్పాను. రోజుకి ఇలాంటివాళ్లు ఎంతమంది తగులుతారో, ఆవిడ నవ్వలేదు. "ఆ గడ్డి ఇప్పుడు లేదు" అంది మెల్లగా.

టోర్నమెంటు అయిపోయాక ప్రతి ఏడూ పైపొర మొత్తం గీకేస్తారట. గడ్డి, దాని కింది చెత్త అంతా మెషిన్‌తో చెక్కి ఎత్తేసి, మళ్లీ కొత్త విత్తనం చల్లుతారు. 2001 నుంచీ మొత్తం రై గడ్డే, అంతకుముందు వేరే రకం కూడా కలిపేవారు. రై వచ్చాక కోర్టు గట్టిపడి బంతి పైకి లేస్తోందని, సర్వ్ కొట్టి నెట్‌కి పరుగెత్తేవాళ్ల కాలం పోయిందని మేం ఫ్యాన్స్ ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. ఆటకి ఎనిమిది మిల్లీమీటర్లకి కత్తిరిస్తారు. ఇప్పుడు నేను చూస్తున్నది వచ్చే జులై కోసం మొలిచిన గడ్డి. 2019లో ఫెదరర్ బూటు కింద నలిగిన గడ్డి ఆ ఏడు చలికాలం రాకముందే ఎక్కడో కుప్పలో కుళ్లిపోయి ఉంటుంది.

నాకు కొంచెం నవ్వొచ్చింది, కొంచెం ఇంకోటి వచ్చింది. ఎనిమిది వేల కిలోమీటర్లు వచ్చి చూసింది దీపం బండి కాలు.

అక్కడ ఇంకా పది నిమిషాలు కూర్చోనిచ్చారు. 2008 గుర్తు చేసుకున్నాను, పైకప్పు రాకముందు ఏడు, దాదాపు చీకట్లో ఫెదరర్ ఫోర్‌హ్యాండ్ నెట్‌కి తగలడం, నాదల్ వెల్లకిలా పడిపోవడం. అదీ ఇక్కడే. మరీ ఏడుపుగొట్టు యాత్ర కాకూడదని 2015 కూడా గుర్తు చేసుకున్నాను. మన సానియా, హింగిస్‌తో కలిసి డబుల్స్ ఫైనల్. మూడో సెట్టులో 2-5 వెనకబడి, 5-5 అయ్యాక పైకప్పు మూసి దీపాలు వేస్తే, 7-5తో గెలిచేసింది. పెద్దల విభాగంలో మన దేశపు ఆడపిల్ల వింబుల్డన్ గెలవడం అదే మొదటిసారి. ఆ రాత్రి టీవీ నాదే. మా ఆయన పక్కన కూర్చుని చూశారు, డ్యూస్ అంటే ఏమిటని రెండుసార్లు అడిగి.

షాపులో తువాళ్ల ధరలు చూసి పక్కన పెట్టేశాం. వీడికి ఒక కీచెయిన్, అక్కకి ఒక పెన్సిలు. నాకేమీ వద్దన్నాను.

తిరుగు ప్రయాణానికి గేటు ముందే 493 బస్సు ఎక్కాం, వింబుల్డన్ స్టేషన్ వైపు. అద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి. వీడు ఫోన్ తీసి, "చూద్దామా?" అన్నాడు. ఏది అని అడగలేదు. వద్దు అనబోయి ఊరుకున్నాను. వాడు తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవికిచ్చి, ఒకటి తన చెవిలో పెట్టుకున్నాడు. 8-7. 40-15. బంతులు చూసుకుంటున్నాడు. ఒకటి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి పైనుంచి ఏ మెసేజూ దిగలేదు.

పక్కకి పోయింది. తర్వాతది దాటిపోయింది. మొత్తం కలిపి నిమిషం కూడా లేదు.

వీడు వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు. మధ్యలో ఆపాడు. ఇందాక తీసిన ఫోటో తెరిచి, దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూశాడు. రాయల్ బాక్స్ ఎటుందో వేలితో చూపించాడు, కెమెరా ఎటుందో చూపించాడు.

"పిన్నీ," అన్నాడు, "మనం చూసింది అటు చివర కదా. ఇది ఇటు చివర."